చాకలిపద్దు చదవడం ఎలా?

"ఇది కవిత్వమా, చాకలిపద్దా?" అనడం మన విమర్శలో పాత తిట్టు. వస్తువుల పేర్లు వరసగా పేర్చడం తప్ప రాసినవాడు ఏమీ చెయ్యలేదని దాని భావం. ఇప్పుడీ మాట వాడేవాళ్లలో చాలామంది నిజం చాకలిపద్దుని చూసి ఉండరు. నేనూ చూడకుండానే వాడాను. కొన్నేళ్ల కిందట ఒక కుర్రకవి పుస్తకం మీద సమీక్ష రాస్తూ, ఆఖరి పేరాలో ఈ మాట అనేసి చేతులు దులుపుకున్నాను. బాగా తగిలిందని మిత్రులు ఫోన్ చేసి మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత అసలు పద్దు ఒకటి నా చేతికొచ్చింది. నిజాంపేటలో మేముండే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, లిఫ్టుకీ జనరేటర్‌కీ మధ్య బల్ల వేసుకుని ఇస్త్రీ చేసే ఆయన దగ్గర. చెమటకీ తడికీ అట్ట ఉబ్బిపోయిన పొడుగు నోటుబుక్కు. ఒక్కో ఫ్లాటుకి ఒక్కో పేజీ. పైన నంబరు, కింద తేదీలు, తేదీ పక్కన అంకెలు. షర్టులూ ప్యాంట్లూ విడివిడిగా రాయడు. రెంటికీ ఒకటే రేటు. చీర అయితే అంకె చుట్టూ సున్నా చుడతాడు. పట్టుచీర అయితే సున్నా లోపల చుక్క. ఇచ్చేశాక అడ్డగీత. డబ్బులు అందాక పేజీ అంతా కోసుకుంటూ ఇంకో గీత. పేర్లు ఎక్కడా లేవు. మేం ఆయనకి 304. ఆయన మాకు 'ఇస్త్రీ అతను'. ఆ లెక్కన సమానమే కదా అనిపించింది మొదట. కాదని తర్వాత తెలిసింది.

మా చిన్నప్పటి పద్దు ఇలా ఉండేది కాదు. దాన్ని మా అమ్మమ్మ రాసేది. పంచెలు 4, చీరలు 5, రవికలు 5, తువ్వాళ్లు 3, దుప్పటి 1. చాకలి ఎదురుగా నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టి మూట కట్టుకునేవాడు. వారానికి మూట వచ్చాక మళ్లీ అదే కాగితం పెట్టుకుని లెక్క సరిచూసేది. ఆయనకి చదువు రాదు. ఆయన రాత వేరే ఉండేది. నల్లజీడి గింజ రసంతో బట్ట అంచున చిన్న గుర్తు: రెండు చుక్కలు, ఒక గీత, చిన్న ముగ్గులాంటిది. ఎన్ని ఉతుకులైనా పోదది. ఊళ్లో ఎవరింటి బట్ట ఏదో ఆ గుర్తుల్లో ఉండేది. అంటే ఒకే మూటకి రెండు రాతలు. ఇంటివాళ్లది కాగితం మీద, ఆయనది బట్ట మీద. కాగితం మీది రాత ఎందుకు? చాకలి పోగొడతాడనో, దాచుకుంటాడనో. అది అనుమానం రాసిన పద్దు.

నిజాంపేట పద్దులో కలం చేతులు మారింది. ఇస్త్రీ చేసేవాడే రాస్తున్నాడు. మనం డబ్బులు ఎగ్గొడతామేమోనని. ఒక సాహిత్య రూపంలో కథ చెప్పేవాడు మారితే మనం దాని గురించి పేజీలు పేజీలు రాస్తాం. ఇక్కడ మారితే ఎవరం పట్టించుకోలేదు.

*

మాటల దగ్గర కాసేపు ఆగాలి. ఈ వృత్తిని సాహిత్యం కంటే భాష ఎక్కువ గుర్తుపెట్టుకుంది, తను గుర్తుపెట్టుకున్న సంగతి మాత్రం మర్చిపోయింది. 'అడుగులకు మడుగులొత్తడం' అని రోజూ అంటాం. మడుగులంటే నీటిగుంటలు కావు, చలవ చేసిన బట్టలు. పెళ్లికీ ఊరేగింపుకీ పెద్దవాళ్లు నడిచే దారిలో చాకలి ఉతికిన బట్టలు పరుచుకుంటూ పోవాలి. వాళ్లు దాటాక వెనకది తీసి మళ్లీ ముందు వెయ్యాలి. ఆ వంగిన నడుము పోయింది, జాతీయం మిగిలింది. ఇప్పుడది మంత్రుల వెనక తిరిగే అధికార్లని వెక్కిరించడానికి పనికొస్తోంది.

'వెట్టిచాకిరి'లోని చాకిరి చాకలి నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. నౌకరుని 'చాకర్' అనే పారసీ మాట నుంచి వచ్చింది. కానీ అలా అనుకోవడంలో తప్పు పట్టలేను. చెవికి రెండూ ఒకటిగా వినిపించడానికి జీవితంలో కారణం ఉంది మరి.

'ఇస్త్రీ' సంగతి ఇంకా చిత్రం. సాగదీయడం, చాపడం అనే అర్థమున్న పోర్చుగీసు 'ఎస్తిరార్' నుంచి వచ్చిందంటారు. బొత్తాం కూడా ఆ ఓడల్లో దిగిందే. అంతకుముందు మనకి బట్టని చదును చెయ్యడం తెలీదని కాదు. గంజి ఉంది, చలవ ఉంది, మడత ఉంది, మడత మీద బరువు పెట్టడం ఉంది. నిప్పులు నింపిన పెట్టెతో నొక్కడమనేదే బయటనుంచి వచ్చింది. చొక్కా, కోటు, కచేరీ ఉద్యోగం కూడా దాని వెనకే వచ్చాయి. పంచెకి మడత చాలు. కాలరుకి ఇస్త్రీ కావాలి. మన సాహిత్యంలో ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు నూరేళ్లుగా కనిపిస్తూనే ఉన్నాడు. 'ఇస్త్రీ నలగని చొక్కా' అంటే చాలు, పాత్ర ఎవరో తెలిసిపోతుంది. చేసినవాడు మాత్రం ఆ విశేషణం వెనకే ఉండిపోయాడు.

మడి, మైల సంగతి చెప్పక్కర్లేదు. మైల తీసేది ఆయన. ఆయన ఉతికి తెచ్చిన బట్ట మడికి పనికిరాదు. ఇంట్లో మళ్లీ తడిపి ఆరెయ్యాలి. అంటే ఆయన కష్టపడి తెచ్చిన మడత మళ్లీ నీళ్లపాలు. మా ఇంట్లోనే చూశాను.

*

సాహిత్యంలోకి వద్దాం. వేమన పద్యం ఒకటి అందరికీ వచ్చినదే. చాకలి బట్టని నానా హింసా పెట్టి, మురికి వదిలించి, చక్కగా మడతపెడతాడు. అలాగే మంచి చెప్పేవాడు నాలుగు దెబ్బలు వేస్తే మాత్రమేం అంటాడు. బడిలో ఈ పద్యం చెప్పించుకుంటూ దెబ్బలు తిన్న తరం మాది. అందుకని మాకెవరికీ అందులో చాకలి కనపడలేదు, పంతులే కనపడ్డాడు. ఇప్పుడు చదివితే నన్నాపేది ఆ మడత. వేమన దెబ్బ దగ్గర ఆగలేదు, పని పూర్తయ్యేదాకా చూశాడు. ఉతకడం ఒక్కటే పని కాదనీ, మడత పెట్టి చేతికిచ్చినప్పుడే అది పనవుతుందనీ ఆయనకి తెలుసు. అయినా అది ఉపమానమే. పద్యం వెళ్లేది గురువు వైపు. చాకలి దారిచూపి పక్కకి తప్పుకుంటాడు.

పాల్కురికి సోమన అలా తప్పుకోనివ్వలేదు. బసవపురాణంలో మడివాలు మాచయ్య కథ ఉంది. శివభక్తుల బట్టలు తప్ప ఇంకెవరివీ ఉతకనంటాడాయన. ఆ మూటని ఇతరులు ముట్టుకోకూడదు. బిజ్జలుడు రాజైనా సరే. కథ నిండా మహిమలున్నాయి, ఏనుగుని చంపడాలున్నాయి, అవన్నీ పక్కన పెట్టండి. ఎవరి బట్ట ఉతకాలో నేను చెప్తాను అన్నవాడు తెలుగు కావ్యంలో పదమూడో శతాబ్దంలోనే ఉన్నాడు. మైల వాళ్లదిగానీ నాది కాదన్నాడు. మడీ మైలా లెక్కని తిరగేసిన కథ ఇది. ఇంత పదునైన కథ మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

జనం నోళ్లలో మిగిలింది మాచయ్య కాదు, సీత మీద నింద వేసిన చాకలి. వాల్మీకి ఉత్తరకాండలో చాకలి లేడు. ఊళ్లో ఏమనుకుంటున్నారని రాముడు అడిగితే భద్రుడు చెప్తాడు, జనమంతా అనుకుంటున్నారని. జనమంతా అన్న మాటని ఒక్క మనిషి నోట్లో పెట్టాల్సి వచ్చినప్పుడు తర్వాతి కథలు చాకలిని వెతికి పట్టుకున్నాయి. ఎందుకు? ఊరందరి మురికీ తెలిసినవాడు కనక. 1963లో వచ్చిన లవకుశలో రేలంగి, గిరిజ ఆ జంటగా మనల్ని నవ్వించారు. నవ్వించినా నేరం మాత్రం అక్కడే నిలబడింది. అయోధ్య అంతా చేసిన పని ఒక కులం ఖాతాలో జమైంది. దీన్ని మించిన తప్పుడు పద్దు లేదు.

శ్రీశ్రీ దగ్గర నాకు ఇంకో రకం ఇబ్బంది. మహాప్రస్థానంలోని 'ప్రతిజ్ఞ'లో వృత్తుల పనిముట్లు వస్తాయి. కమ్మరిదీ, కుమ్మరిదీ, జాలరిదీ, నేతపనివాళ్లదీ పేరుపేరునా వస్తాయి. చాకిరేవు బండ రాదు. మిగతావన్నీ వెయ్యి వృత్తులన్న లెక్కలో కలిసిపోతాయి. ప్రాసకి కుదరలేదంటారా, కావచ్చు. నాకింకో అనుమానం. కమ్మరి, కుమ్మరి, సాలె కొత్త వస్తువుని చేస్తారు. ఉత్పత్తి అనే మాట వాళ్లకి అతుకుతుంది. ఉతికేవాడు, ఇస్త్రీ చేసేవాడు ఉన్నదాన్నే ఉన్నట్టు తిరిగిస్తారు. సాయంత్రానికి మళ్లీ నలుగుతుంది. ఇంట్లో ఆడవాళ్ల పనిలాగే ఇదీ చేసినట్టు కనిపించని పని. కంచ ఐలయ్య 2009లో తెచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో చాకలివాళ్ల అధ్యాయానికి 'సబాల్టర్న్ ఫెమినిస్టులు' అని పేరు పెట్టారు. ఆ పుస్తకంలో నేనొప్పుకోని సాధారణీకరణలు చాలానే ఉన్నాయి. ఈ పేరు మాత్రం సరైన చోట వేలు పెట్టింది. మగవాళ్లు ఆడవాళ్ల బట్టలు సిగ్గుపడకుండా ఉతికే చోటు మన సమాజంలో ఇంకెక్కడుంది?

చాకలి ఐలమ్మ మీద పాటలొచ్చాయి, నాటకాలొచ్చాయి. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. సోమనాథుడి ఊరిగా చెప్పుకునే పాలకుర్తే ఆమె ఊరు కూడా. మాచయ్య కథ రాసినవాడూ, విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించినావిడా ఒకే మట్టి. కానీ ఆ పోరాటం భూమిది, పంటది. సాహిత్యం ఆమె చేతిలో కొడవలి పెట్టింది, కర్ర పెట్టింది. అది న్యాయమే. రేవు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

*

ఇక నా వంతు. నేనూ ఒక పద్యం రాశాను, 'ఇస్త్రీ పెట్టె' అని. ఆదివారం అనుబంధంలో వచ్చింది. అందులో ఏముందో మీరు చదవకుండానే చెప్పగలరు. పెట్టె కడుపులో నిప్పులు, ఆయన కడుపులో ఆకలి. మన బట్టల ముడతలు తీస్తాడు, ఆ ముడతలన్నీ ఆయన ముఖం మీదికి ఎక్కుతాయి. ఆఖర్లో ఒక రోజు ఆ నిప్పులు దేశాన్ని అంటుకుంటాయి.

పత్రిక పట్టుకుని సెల్లార్‌కి దిగాను. చదివి వినిపించాను. ఆయన చెయ్యి ఆపకుండా విన్నాడు.

"మంచిగున్నది సార్. గాని బొగ్గులు బందువెట్టి నాలుగేండ్లాయె. ఇది కరెంటు పెట్టె" అన్నాడు.

నిజమే. నేను రోజూ ఆ బల్ల పక్కనించే లిఫ్టెక్కుతాను. గోడకున్న ప్లగ్గు, పైనించి వేలాడే వైరు కనిపించనే లేదు. పొగ వస్తోందని మా అసోసియేషన్ వాళ్లే బొగ్గు మాన్పించారట. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. చెయ్యెత్తి ఉంటాను కూడా.

ఐదారు కిలోల బొగ్గుపెట్టె పోయినందుకు ఆయన సంతోషపడ్డాడేమో అనుకున్నాను. "భుజం నొప్పి తగ్గింది. గాని బరువే పనిజేస్తుండె సార్. దీనికి మనమే ఒత్తాలె" అన్నాడు. నూలు బట్టకి వేడీ తడీ తగిలితే లోపలి పోగుల పట్టు సడలుతుంది. ఒత్తిడి కింద చల్లారేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ బిగుసుకుంటుంది. ఇస్త్రీలో ఉన్న శాస్త్రమంతా ఇంతే. కాలర్ వెనక ఉండే లేబుల్ మీద పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండైతే మధ్యస్థం, మూడైతే ఎక్కువ. ఆయన లేబుల్ చూడడు. బట్టని రెండు వేళ్ల మధ్య ఒకసారి నలిపి వదుల్తాడు, అంతే. పాలిస్టర్ కలిసిన నల్లప్యాంటు అయితే తిరగేస్తాడు, లేదా పైన తడిగుడ్డ వేస్తాడు, మెరుపు పడకుండా. షర్టుకి ముందు కాలర్, తర్వాత కఫ్‌లు, చేతులు, భుజం పట్టీ, ఆఖరికి ముందూ వెనకా. ఎందుకంటే ముందు వెడల్పాటి భాగం చేస్తే చిన్నవి చేసేలోపు అది మళ్లీ నలుగుతుంది. గంజి పెట్టిన నేతచీరకి రెండో మనిషి కావాలి. అప్పుడు ఆయన భార్య వస్తుంది. ఇద్దరూ చెరోవైపు కొంగులు పట్టుకుని ఒక్కసారి వెనక్కి లాగుతారు. ఆ టప్పుమనే చప్పుడు సెల్లారంతా వినిపిస్తుంది. మూలలు ఎప్పుడూ సరిగ్గా కలుస్తాయి. నా పద్యంలో ఇందులో ఒక్కటీ లేదు. రాసేముందు పది నిమిషాలు నిలబడి చూసినా వచ్చేవి.

ముడతల పోలికని అసహ్యించుకుంటున్నానని కాదు. అది బల్ల దగ్గరికి వెళ్లకుండా కుర్చీలోంచే రాయగలిగిన పోలిక. అదీ దాని లోపం. వెనకబడిన కులాల కవులు ఈ ముప్పై ఏళ్లలో తమ ఇళ్ల లోపల్నించి రాసినవాటిలో పనిముట్ల పేర్లు, వాసనలు, తిట్లు వచ్చాయి. ఉబ్బ, చవుడు, బాన అన్న మాటలు నాకు ఆ కవిత్వమే నేర్పింది. అయితే అది ఎక్కువగా ఊరి రేవుని తలుచుకునే కవిత్వం. నిజాంపేట సెల్లార్ అందులోకి ఇంకా దిగలేదు.

*

దిగితే చాలా దొరుకుతుంది. నిజాంపేట 2019 దాకా గ్రామ పంచాయతీ లెక్కలోదే. తర్వాత బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి కార్పొరేషన్ అయింది. జేఎన్‌టీయూ వైపు నించి వస్తుంటే రెండు పక్కలా అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, మధ్యలో కర్రీ పాయింట్లు. పొద్దున్నే హైటెక్ సిటీకి వెళ్లే చొక్కాలన్నీ రాత్రి ఎక్కడో ఒక సెల్లార్‌లో చదునైనవే.

ఆయనది జనగామ దిక్కు. ఊళ్లో ఇళ్లని అన్నదమ్ములు పంచుకునేవాళ్లట. ఈ వీధి నీది, ఆ వీధి నాది. కళ్లంలో గింజలు, పొద్దుగూకాక ఇంటింటా అన్నం. ఇక్కడా అదే పంపకం. రెండు అపార్ట్‌మెంట్లు ఆయనవి, పక్క వీధిలో మూడు బామ్మర్దివి. ఎవరి జాగాలోకి ఇంకొకరు రారు. ఊరు పోయిందనుకుంటాం, ఊరే నిలువుగా లేచి ఐదంతస్తులైంది. తేడా ఏమిటంటే అక్కడ హక్కుండేది, ఎంత బానిసత్వంతో ముడిపడినా. ఇక్కడ అసోసియేషన్ ప్రెసిడెంటు మారితే బల్ల లేచిపోతుంది. చాలాచోట్ల వాచ్‌మన్ భార్యకే ఇస్త్రీ అప్పజెప్తున్నారు. వాళ్లు ఏ కులమైనా కావచ్చు. ఏటికి రెండు ఒడ్లనా బట్టలు ఆరేసి, వరదొస్తే ఎటు పరిగెత్తాలో తేల్చుకోలేక రెండు మూటలూ పోగొట్టుకున్న రేవడి కథ ఆయనకి నేను చెప్పబోయాను. ఆయనే నాకు చెప్పాడు.

2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో లాండ్రీలకీ దోభీఘాట్లకీ క్షౌరశాలలకీ నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితం. ఆయనకి అందదు. మీటరు అపార్ట్‌మెంటుది. ఆయన అసోసియేషన్‌కి నెలనెలా కరెంటు డబ్బులు కడతాడు.

అదే అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఒకావిడ 'శారీ ప్రీ ప్లీటింగ్' చేస్తుంది. కుచ్చెళ్లు ముందే పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి, పెట్టెలా మడిచి ఇస్తుంది. చీరకి 300 రూపాయలు. మంచి పనితనం, కాదనను. ఇన్‌స్టాలో వీడియోలు పెడుతుంది. కింద ఆయన చీరకి 50 తీసుకుంటాడు. పెట్టె ఒకటే, వేడి ఒకటే, చీర కూడా ఒక్కోసారి అదే. ఆవిడది కళ, ఆయనది కులవృత్తి. ఈ రెండు మాటల మధ్య 250 రూపాయల దూరం ఎవరు పెట్టారన్నది సాహిత్య విమర్శకుడికి సంబంధించిన ప్రశ్నేనని నాకు గట్టి నమ్మకం. ఒక రచనని కళ అనీ ఇంకోదాన్ని పద్దు అనీ ఊరికే తేల్చేసిన చేతులు మనవి కూడా.

*

పద్దు దగ్గర మొదలుపెట్టాను కదా. మా పేజీ చూపించమని అడిగితే ఆయన మొహమాటపడ్డాడు. "ఎందుకు సార్, పాతవి ఉంటయి" అన్నాడు. నేనే తిప్పాను. ఒక్కో నెలా ఒక్కో అడ్డగీత. వెనక్కి వెళ్తూ వెళ్తూ 2020 మార్చి దగ్గర ఆగాను. పదహారు, పద్దెనిమిది, ఇరవై తేదీలు. ఇరవైన పదకొండు బట్టలు, అందులో సున్నా చుట్టినవి రెండు. పక్కన మొత్తం 360. దాని మీద గీత లేదు.

ఇరవై రెండున జనతా కర్ఫ్యూ. ఆ తర్వాత లాక్‌డౌన్. మేం తలుపేసుకున్నాం. ఆఫీసు ఇంట్లోకే వచ్చింది. కెమెరాలో కనిపించే చొక్కాకి నేనే పైపైన పెట్టె రాసుకునేవాణ్ణి. చాలా రోజులు టీ షర్టులే. మే నెలలో ఒకసారి సెల్లార్‌లో బల్ల ఖాళీగా ఉండటం చూసి ఆ సాయంత్రమే పైకొచ్చి ఆ పద్యం రాశాను. కడుపులో ఆకలి అన్న మాట అప్పుడు పుట్టిందే. 360 రూపాయలు ఇవ్వాలన్న సంగతి గుర్తు రాలేదు.

తర్వాతి పేజీ తిప్పాను, 305. అక్కడా ఆ మార్చి మీద గీత లేదు. 401కీ లేదు. 402 ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఆ పేజీ అలాగే ఉంది. ప్రతి ఫ్లాటుకీ ఒకే చోట ఒకే ఖాళీ. వరసగా తిప్పుకుంటూ పోతే ఒక్క విశేషణం లేకుండా ఆ మార్చి నెలంతా అందులో ఉంది. ఆ కుర్రకవి పుస్తకాన్ని మళ్లీ తీసి చదవాలి. ఆ జాబితాల్లో నేను చూడని ఖాళీలు ఎన్ని ఉన్నాయో.

ఆరేళ్ల బాకీ ఇప్పుడెందుకు అడగలేదన్నాను.

"అందరికీ బందాయె గద సార్ అప్పుడు. ఎవర్ని అడుగుత?"

ఫోన్‌పేలో 360 కొట్టాను. స్పీకర్ పెట్టె అంకె పైకి చెప్పింది. ఆయన బల్ల కింద పెన్ను వెతుక్కుని, 304 పేజీ తెరిచి, పాత అంకె మీద గీత గీశాడు. ఇంక్ సరిగ్గా పడలేదు. రెండోసారి గీశాడు. తర్వాత నా చేతిలో మూట చూసి, "ప్యాంటుకి క్రీజు ఒకటేనా, పోయినసారి లెక్క రెండా?" అన్నాడు.